అనంతపురం దారిలో ఆరో సీసా

రుచి చూసి జీతం తీసుకున్న మనిషిని నేను. ముప్పై ఒక్క ఏళ్లు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. పెళ్లయిన కొత్తలో మావాళ్లు మా అత్తగారికి నేను సోడా కంపెనీలో కెమిస్టునని చెప్పారు. ఆమె చివరిదాకా అదే నమ్మింది, లేదా నమ్మినట్టు ఉండిపోయింది. "ఇన్నేండ్ల సంది చేస్తాంది, ఒక్క సోడా అన్న ఇంటికి తెచ్చిందా?" అని మాత్రం చుట్టాల ముందు దెప్పేది.

ఇప్పుడు ఇలాంటి ల్యాబుల్లో చేరే ఆడపిల్లలు ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఆ పిల్లలే అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద గెలుపు ఏది మేడం అని అడుగుతుంటారు. అది సర్వీసులో రాలేదు. రిటైరైన మూడేళ్లకు వచ్చింది. అంతకుముందు నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పును కూడా వెంటబెట్టుకుని వచ్చింది. రెండూ కలిపే చెప్పాలి, విడదీస్తే మీకు పనికిరాదు.

ముందు మా పని గురించి రెండు మాటలు. బీరు రుచి చూడటం అంటే తాగడం కాదు. గ్లాసులో కొంచెం పోసుకుని, అరచేతులతో కాస్త వెచ్చబెట్టి, ముందు వాసన చూడాలి. తర్వాత ఒక గుక్క. ఆ గుక్క మింగాలి, మింగితేనే చేదు ఎంతుందో తెలుస్తుంది. మిగిలింది పారబోయాలి. నాకు పని నేర్పిన సీనియర్ తన జన్మలో రెండే రెండు గ్లాసులు ఖాళీ చేశానని చెప్పేవారు. గ్లాసు ఖాళీ అయిందంటే మనిషి డ్యూటీ మరిచిపోయాడని అర్థం, ఆ బీరుకు అంతకుమించిన సర్టిఫికెట్ లేదు. వరసగా పది గ్లాసులు చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు మన చీర కొంగో, చొక్కా చెయ్యో ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాలి. మన ఒంటి వాసన మనకు తెలియదు కాబట్టి ముక్కు మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది. ఈ కొంగు సంగతి గుర్తుపెట్టుకోండి.

రిటైరయ్యాక వరంగల్ వచ్చేశాను. మా పుట్టింటివాళ్లది బజార్లో కిరాణా దుకాణం. కింద తమ్ముడి దుకాణం, పైన నా రెండు గదులు. మూడు దుకాణాల అవతల ధాన్యం వ్యాపారం చేసే ఇంటికి చిన్నతనంలోనే కోడలుగా వచ్చిన ఆమె నాకు చిన్నప్పటి స్నేహితురాలు, నాకంటే రెండేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది. ఆమె కొడుకు బీరు కాచే చదువు చదువుకుని వచ్చి, హన్మకొండలో ఒక భాగస్వామిని కలుపుకుని చిన్న బ్రూవరీ పెట్టాడు. వెనక ట్యాంకులు, గింజల గది, ముందు జనం కూర్చునే బల్లలు. బార్లీతో పాటు మన జొన్న కలిపి కాచేవాడు. ఆలోచన బ్రహ్మాండం. నోట్లో పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒకటే మాట అంటున్నారు: దవాఖాన వాసన వస్తోందని.

ఎనిమిది నెలలైనా ఆ మాట పోలేదు. జనవరి ఆఖరుకు సరుకు బాగుపడకపోతే ట్యాంకులు పీకేసి ఫంక్షన్ హాల్ పెడదామని భాగస్వామి తేల్చి చెప్పాడు. పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. నేను వెళ్లి గ్లాసు పట్టుకున్నాను, వాసన చూశాను, కొంగు పీల్చి మళ్లీ చూశాను. నాకేమీ తగల్లేదు.

"పెద్దమ్మా, జర నిజం చెప్పు. నన్ను బాధపెట్టుడెందుకని మంచిగున్నదంటానవా?" అన్నాడు.

నిజంగానే నాకేమీ తగల్లేదు. కానీ ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఉన్న మనిషి 'నాకు తెలియడం లేదు' అంటుందా? అనలేదు. నీళ్లలో క్లోరిన్ అన్నాను. ఫిల్టరు మార్చాడు. పులియబెట్టే ఈస్టు పాడైందన్నాను. కొత్త ఈస్టు తెప్పించాడు. వాసన పోలేదు. చివరికి ట్యాంకులు కడిగే మనిషి మీద పడ్డాను. శుభ్రం చేసే మందును సరిగ్గా కడిగేయడం లేదు, అడుగున మిగిలిపోతోంది అని అందరి ముందూ అన్నాను.

అతను డోర్నకల్ మనిషి. యాభై దాటాయి. చీపురూ గొట్టమూ పక్కన పెట్టి నా ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, ముప్పై ఏండ్లు రైలు డబ్బాలు కడిగిన నేను. కడిగినంక తెల్లగుడ్డతోని తుడుస్తే గుడ్డ తెల్లగనే ఉండాలె, గదీ మా లెక్క. గీ నాలుగు ట్యాంకులు కడుగుడు నాకు రాదంటవా?"

చేతకానితనం నాదైతే కోపం అతని మీద చూపించాను, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. ఆ తర్వాతి వారమే అతను అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ బీరు ముట్టనన్నాడు కాబట్టి పిల్లవాడు అతన్ని కారు మీద పెట్టాడు. ట్యాంకులు వేరేవాళ్లు కడిగారు. వాసన అలాగే వచ్చింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా? పాత మురికి ఇంకా వదల్లేదు అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

డిసెంబరులో పిల్లవాడే ఒక దారి చెప్పాడు. హైదరాబాదులో, బెంగుళూరులో మనలాంటి చిన్నవాళ్లు కాచే బీర్లు రుచి చూసొద్దాం, వెళ్లిన ప్రతిచోటా మనది కూడా ఒక సీసా ఇచ్చి వాళ్ల మాట విందాం అని. ఆరు సీసాలు నింపుకున్నాం. కారు నడిపేది ఎవరు? మాలలో ఉన్న స్వామే.

బీరు రుచి చూడటానికి బయలుదేరిన బండికి అయ్యప్ప స్వామి డ్రైవరు. వినడానికి నవ్వొస్తుంది గానీ అంతకంటే క్షేమమైన ప్రయాణం నేనెరగను. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, డ్యాష్‌బోర్డు మీద అయ్యప్ప పటం. సీసాలు చూడగానే, "సామి ముంగట, సీసాలు ఎన్క" అని వాటిని రగ్గులో చుట్టి డిక్కీలో పెట్టించాడు. మాల వేసుకున్నాక నేను మేడం కాదు, మాతను. నామీద కోపం ఉన్నా పిలుపులో మర్యాద తగ్గలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

జనగామ దాటేదాకా మంచు. నేను మంకీ క్యాపు, మా ఇంటి శాలువ. రుచి చూసే రోజుల్లో కారం, మసాలా తినకూడదు కాబట్టి నాకూ పిల్లవాడికీ పెరుగన్నం, మరమరాలు. స్వామికీ సాత్విక భోజనమే. హైదరాబాదులో ప్రతి సందులోంచీ బిర్యానీ వాసన వస్తుంటే పిల్లవాడు కారు అద్దాలు ఎక్కించి, "పెద్దమ్మా, నేను కూడ మాలేసుకున్న లెక్కనే ఉన్నది" అని ఏడుపు మొహం పెట్టాడు.

ఆ నాలుగు రోజులూ నేను పండగ చేసుకున్నాను, దాచడం దేనికి? హైదరాబాదులో ఒక జంట మామిడి అల్లంతో కాచిన బీరు ఇచ్చారు. రెండో గుక్క అడిగి తీసుకున్నాను. ఇంకొకాయన సజ్జలతో కాచాడు, వేడి సజ్జ రొట్టె విరిచినప్పటి వాసన. బెంగుళూరులో కాఫీ గింజలతో ఒకటి, రాగులతో ఒకటి. మన పొలాల్లో పండేవాటితో మన పిల్లలు ఇంత చేస్తున్నారా అని గర్వపడ్డాను. ప్రతిచోటా మా సీసా తీయగానే మాత్రం ఎదుటివాళ్ల మొహం మారిపోయేది. ఒకరు కాలిన గుడ్డ అన్నారు. ఒకరు దగ్గు మందు అన్నారు. పిల్లవాడు అన్నీ నోటుబుక్కులో రాసుకుని, కారెక్కాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ఐదో సీసా బెంగుళూరులో ఒక పెద్దాయన దగ్గర తీశాం. కోలారు వైపు తెలుగాయన, ఈ పనిలో అందరికంటే పాతకాపు. ఆయన ఒక్కసారి వాసన చూసి గ్లాసు సింకులో వంపేశాడు.

"ఏమ్మా, పొగ బీరు చేస్తే చెప్పి చేయాల కదా? ఇది సగం పొగ, సగం మందు."

"మా దగ్గర పొగే లేదండీ," అన్నాను.

"మీ ముక్కుకు లేదేమో!"

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి గట్టిగా ఏదో అనబోయాను. నా మోచెయ్యి తగిలి బల్ల మీదున్న ఆయన బీరు గ్లాసు ఒలికి, నా శాలువంతా తడిసింది. ఆ తడి శాలువను మూటగట్టి డిక్కీలో పడేశాను. చలికి ఆగలేక అక్కడే బజార్లో ఒక కొత్త ఉన్ని శాలువ కొనుక్కున్నాను. ఇంటి నుంచి తెచ్చిన చీరలు కూడా అప్పటికే లాడ్జీ సబ్బులో రెండుసార్లు ఉతుక్కున్నాను.

తిరుగు ప్రయాణంలో అనంతపురం ఇవతల రోడ్డు పక్క చిన్న లాడ్జీలో ఆగాం. అంతకుముందు మూడు రోజులూ స్వామి ఊళ్లో అయ్యప్ప గుళ్లకు వెళ్లి పడుకుని, పూజ అక్కడే చేసుకుని వచ్చేవాడు. ఇక్కడ దగ్గర్లో గుడి లేదు. లాడ్జీ వరండాలోనే పటం పెట్టుకుంటానన్నాడు.

తెల్లవారుజామున నాకు కళ్లకంటే ముందు ముక్కు మేలుకుంది. గదిలోకి ఘాటైన వాసన వస్తోంది. కాలిన గుడ్డ, దగ్గు మందు, దవాఖాన. ఇన్ని నెలలుగా అందరూ చెబుతున్న వాసన మొట్టమొదటిసారి నాకు తగిలింది. మిగిలిన ఆరో సీసా పిల్లవాడు తీసేశాడనుకున్నాను. తలుపు తీసి అరిచాను.

"ఒరేయ్, ఇంత పొద్దుగాల సీసా ఎందుకు తీసినవ్‌రా?"

పక్క గదిలోంచి పిల్లవాడు దుప్పటితోనే వచ్చాడు. "నేను తీయలే పెద్దమ్మా. డిక్కీలనే ఉన్నది."

వరండా చివర స్వామి చన్నీళ్ల స్నానం చేసి పటం ముందు కూర్చున్నాడు. ఆయన ముందు మట్టిమూకుడులో కొబ్బరిపీచు నిప్పు. దాని మీద సాంబ్రాణి పొడి. తెల్లటి పొగ నా గది వైపు వస్తోంది.

సీసా తెమ్మన్నాను. పిల్లవాడు తెచ్చి మూత తీయబోతుంటే స్వామి కంగారుపడ్డాడు.

"మాతా! సామి ముంగట సీసా తీస్తవా? తప్పు, తప్పు!"

వరండా ఇంకో చివరకు పరుగెత్తాను. గ్లాసులో పోసుకుని వాసన చూశాను. స్వామి దగ్గరికి వచ్చి పొగ పీల్చాను. మళ్లీ గ్లాసు. మళ్లీ పొగ. అరవై మూడేళ్ల మనిషి మంకీ క్యాపు పెట్టుకుని వరండాలో అటూ ఇటూ పరుగెత్తుతుంటే లాడ్జీ వాచ్‌మన్ లేచి కూర్చుని చూశాడు. రెండూ ఒకటే వాసన.

"సామీ, ఈ సాంబ్రాణి ఏడిది?"

"మన సారు వాళ్ళమ్మ కట్టిచ్చింది మాతా. దార్ల పూజకు కావాలె గదా అని."

పిల్లవాడి మొహం తెల్లబోయింది. "అమ్మ... శుక్రవారం శుక్రవారం గింజల గదిల పొగేస్తది పెద్దమ్మా. సంచుల మూతులు విప్పి, తలుపు దగ్గరికేసి. పురుగు పట్టదు, లచ్చిమి నిలుస్తదని."

తెలియకపోవడమేమిటి? మొదటిసారి వెళ్లిన రోజే గింజల గది మూలన ఇత్తడి ధూపం గిన్నెను నేను కళ్లారా చూశాను. చూసి కళ్లకద్దుకున్నాను కూడా! మా అమ్మా అంతే చేసేది. బియ్యం బస్తాలు, కందులు, జొన్నలు, అన్నిటికీ శుక్రవారం పొగ. మా తమ్ముడి దుకాణంలో ప్రతి సాయంత్రం దీపం పెట్టాక ఆ పొగ మెట్లెక్కి నా గదుల్లోకి వస్తుంది. నా చీరల్లో, నా శాలువలో, నా జుట్టులో ఉన్నది అదే. అనుమానం వచ్చినప్పుడల్లా నేను కొంగు పీల్చి ముక్కును సున్నాకు తెచ్చుకుంటున్నాను కదా, ఆ సున్నా నిండా సాంబ్రాణే. నాలుగు రోజులు ఆ పొగకు దూరంగా ఉండి, చీరలు ఉతికి, శాలువ మారిస్తే గానీ ముక్కు తేరుకోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇన్నాళ్లూ వెతికాను.

పూజ అయ్యేదాకా ఆగి స్వామి ముందు నిలబడ్డాను. "తప్పు నాది సామీ. నీ చేతులను అందరి ముంగట అన్న. అందరి ముంగటనే మళ్ల చెప్త."

ఆయన నా చేతిలో విభూతి పెట్టాడు. "అన్నది నువ్వే, ఒప్పుకున్నది నువ్వే. ఇగ నాకేం లేదు. శబరిమల పోయొచ్చినంక మళ్ల ట్యాంకులు నేనే కడుగుత మాతా. గా పనొక్కటి ఇప్పించు."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు శుక్రవారం. జనవరిలో పోయాల్సిన బీరుకు కొత్త గింజలు ముందురోజే దిగాయి. సాయంత్రం వాటికి పొగ పడితే మళ్లీ తెప్పించి కాచే వ్యవధి లేదు. పిల్లవాడు ఫోన్ తీశాడు. నేను లాక్కున్నాను. సారా వ్యాపారమని బ్రూవరీ తెరిచేదాకా కొడుకుతో మాట్లాడకుండా, చివరికి గింజ గింజే కదా అని మనసు కుదుట పరుచుకుని ఆ పొగ వేయడం మొదలుపెట్టిన తల్లి ఆమె. నీ వల్లే పాడైందని ఫోన్లో చెప్పే మాట కాదిది.

"సామీ, దీపాలు పెట్టే యాళ్లకు హన్మకొండల ఉంటమా?"

"సామి ఉండంగ ఫికరెందుకు? కూసోండ్రి."

ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి. టీ కోసం రెండుసార్లు ఆగాం, అంతే. ఎక్కడా వేగం మీరలేదు, ఎక్కడా తాత్సారం చేయలేదు. హన్మకొండలో కారు ఆగేసరికి ముందు గది దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. నేను మోకాళ్ల నొప్పి మరిచి వెనక్కి ఉరికాను. ఆమె తలస్నానం చేసి, ఇత్తడి గిన్నెలో పొగ లేపుకుంటూ గింజల గది గడప మీద ఒక కాలు పెట్టి ఉంది.

"ఆగు చెల్లే!"

ఆగింది. నేను దాచకుండా అంతా చెప్పాను. పిల్లవాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె గిన్నె వంక చూసి, కొడుకు వంక చూసింది.

"అంటే నా చేతి పొగ తోటే నా కొడుకు సరుకు ఖరాబైందా అక్కా?"

"నువ్వు చేసింది మీ అత్త నేర్పింది, మా అమ్మ చేసింది. అన్నం గింజకు అది మంచిదే. ఈ గింజ వేరు, పట్టిన వాసనంత బీరుల దిగుతది. నువ్వు ఆ చదువు చదువుకోలే, నీ తప్పెట్లయితది? చదువుకున్నదాన్ని నేను. ఆ గిన్నెకు దండం పెట్టుకుని పోయిన, వాసన పట్టలే. ముక్కు ఖరాబైంది నాది."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పుకుంది. తర్వాత గడప మీద కాలు వెనక్కి తీసుకుని, గిన్నె పట్టుకుని నేరుగా వీధి వాకిలి దగ్గరికి నడిచింది. వాకిలికి, గల్లా పెట్టెకు పొగ చూపించి వచ్చింది.

"ఈ లచ్చిమికి పొగ పడదంటే ఎయ్యను. పురుగు రాకుంట ఏం చెయ్యాల్నో నువ్వు చెప్పు. కానీ అక్కా, నువ్వు ఈ గదిలకు వచ్చేటప్పుడు ఆ దుకాణం చీర కట్టుకుని రావద్దు."

ఆ రోజు నుంచి ఆ గదికి ఆమే కాపలా. అగరుబత్తి జేబులో పెట్టుకున్న ఎలక్ట్రీషియన్ను కూడా గడప తొక్కనివ్వలేదు.

మరుసటి రోజు పనివాళ్లందరినీ పిలిచి, ట్యాంకులు కడిగిన మనిషి తప్పు లేదని, తప్పు నాదని చెప్పాను. స్వామి ఆ వారంలోనే ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లి వచ్చాడు, మాల తీశాడు, గొట్టం పట్టాడు. ట్యాంకులు కడిగి, నా ఎదురుగా తెల్లగుడ్డతో తుడిచి గుడ్డ నా చేతికిచ్చాడు. తెల్లగానే ఉంది.

జనవరి ఆఖరి ఆదివారం ఐదుగురు బ్రూవర్లనూ మేమే పిలిచాం. వాళ్ల సీసాలు వాళ్లు తెచ్చుకున్నారు. చలిలో ఒళ్లు బిగదీసుకుని దిగిన కోలారు పెద్దాయన, "పొగ వచ్చిందంటే వెనక్కి పోతాను" అని ముందే చెప్పాడు. ఏది ఎవరిదో తెలియకుండా ఆరు గ్లాసులకు అంకెలు మాత్రం వేశాం. భాగస్వామి గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. స్నేహితురాలు గింజల గది గడప మీద కూర్చుంది. నేను సబ్బుతో ఉతికిన కొత్త చీర కట్టుకుని, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు మొహం పెట్టుకుని నిలబడ్డాను.

నాలుగో అంకె గ్లాసు మాది. పెద్దాయన ఆరూ చూశాడు. ప్రతి గ్లాసులో ఒక గుక్క, మిగతాది బకెట్లోకి. మళ్లీ నాలుగో గ్లాసు దగ్గరికి వచ్చాడు. వాసన చూశాడు, ఒక గుక్క తాగాడు. పక్కనున్న సజ్జ బీరు ఆయనతో పొలాల గురించి ఏదో మాట్లాడుతూ ఇంకో గుక్క తాగాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. చేతిలో గ్లాసు ఖాళీ అయింది. ఆయన చూసుకోలేదు. నేను చూశాను. నా సీనియర్ ఉంటే ఆ క్షణం చూపించేదాన్ని అనిపించింది.

"నాలుగు ఎవరిది?" అన్నాడు ఆఖరికి. పిల్లవాడు చెయ్యెత్తాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "జొన్న ఇంత శుభ్రంగా పలికిందంటే కాచినవాడి గొప్ప సగమే తల్లీ. ట్యాంకులు ఎవరు కడుగుతారు?" అన్నాడు.

భాగస్వామి ఫంక్షన్ హాల్ మాట మళ్లీ ఎత్తలేదు, ఇప్పటిదాకా ఎత్తలేదు. నేను లోపలికి వెళ్లి డోర్నకల్ మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరి మధ్యా నిలబెట్టాను. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ సిగ్గుపడ్డాడు. నాలుగో సీసాలో మిగిలింది గ్లాసు నిండా పోసి ఆయనకిచ్చాను.

ఆయన వాసన చూడలేదు, అరచేతులతో వెచ్చబెట్టలేదు. తల వెనక్కి వంచి ఒక్క బిగిన తాగేసి, ఖాళీ గ్లాసు వెలుతురుకు పట్టి చూశాడు.

"కడుగుడు మంచిగనే ఉన్నట్టున్నది గద, మేడం?" అన్నాడు.